మోకాటి ఎత్తు

“పాఠం సరిగ్గా ఎక్కడ ఆగిపోతోంది నాయనా?” అని అడిగింది పెలాజియా నస్సోలో, జారిన హెడ్‌ఫోన్‌ను చెవిమీదికి జరుపుకుంటూ.

“మిత్యానా దారిలోనమ్మా, చెరుకు లారీలు నిలబడే మలుపు దగ్గర. రోజూ అక్కడే.”

“అంటే బండి నడుపుతూ వింటున్నావా?”

“బండి నడిపితేనే కదమ్మా ఫీజు కట్టేది! నేనొక్కణ్ణే కాదు, వెనక కూర్చున్నాయన కూడా వింటాడు. నిన్న ఒక ప్రశ్నకి జవాబు ఆయనే చెప్పాడు.”

“అయితే పట్టా ఆయనకే ఇప్పిద్దాం. నువ్వు మాత్రం ఇంటి దగ్గర బయల్దేరేముందే పాఠాన్ని ఫోనులోకి దించుకో. మలుపు దగ్గర ఒక చెవి లారీలకి వదిలెయ్యి.”

అతడు నవ్వి, ఆమె ఇంట్లోవాళ్ళ క్షేమం అడిగి, తన మేకల క్షేమం చెప్పి ఫోను పెట్టేశాడు.

ఆ గది కంపాలాలో పాత టాక్సీస్టాండుకు ఎగువన, ఒక మేడ నాలుగో అంతస్తులో ఉంది. ఊళ్ళలో ఉండి ఫోన్లలో చదువుకునే విద్యార్థులకు పాఠం తెరమీదికి రాకపోయినా, మాట వినిపించకపోయినా, రాసి పంపిన జవాబు దారిలో ఎక్కడో చిక్కుకుపోయినా, వాళ్ళ పిలుపు మోగేది ఈ గదిలోనే. రెండు బల్లలు, రెండు కుర్చీలు, నీళ్ళు కాచుకునే కెటిల్, ఒక కిటికీ. కిటికీ అవతల రేకుల కప్పులమీద బట్టతల పెద్దకొంగలు మెడసంచులు వేలాడేసుకుని, ఎవరో పేరు పెట్టి పిలుస్తారని ఎదురుచూస్తున్నట్టు నిలబడి ఉంటాయి. వానల రోజులు కావడంతో లోయలో మంచు చాలాసేపటిదాకా కరగదు. కొండల తలలు మాత్రం పైన తేలుతూ కనిపిస్తాయి. ఆ తెల్లదనంలోంచి ఒక్కొక్క గొంతే లేచి వచ్చి నస్సోలో చెవిని తడుతుంది.

ఆ విద్యార్థుల్లో ఒక్కరినీ ఆమె ఎదురుగా చూడలేదు. అయినా గొంతు వెనకాల ఉన్న ఇల్లు ఆమెకు తెలుస్తుంది. రోకటిపోటు వినిపిస్తే వేరుశనగపప్పు దంచుతున్నారనీ, కోడి అరుపు మరీ దగ్గరగా ఉంటే విద్యార్థి వంటగదిలో కూర్చున్నాడనీ, అరటాకులమీద చినుకులు మొదలైతే సిగ్నల్ ఇంకాసేపట్లో పోతుందనీ ఊహిస్తుంది. యవ్వనమంతా టెలిఫోను ఎక్స్ఛేంజిలో తీగలు కలుపుతూ గడిపినందువల్ల ఆమెకు వినడం అలవాటైంది. ఎక్స్ఛేంజి మూతపడినందువల్ల ఆ అలవాటుకు గిరాకీ లేకుండా పోయింది. ఈ కళాశాలలో కంప్యూటర్లు బాగా తెలిసినవాళ్ళు విద్యార్థులమీద విసుక్కుంటున్నారని ఫిర్యాదులు రావడంతో, విసుక్కోని మనిషి కావలసివచ్చి, ఆ గిరాకీ మళ్ళీ పుట్టింది. తన జీవితంలో దేనినీ తాను ఎంచుకోలేదనీ, ఒకదాని వెనక ఒకటి వచ్చి కూర్చున్నాయనీ ఆమె అనుకునేది. భర్త కూడా అలాగే వచ్చాడు. అలాగే ఒక పొద్దున ఇంకొక ఇంటికి వెళ్ళిపోయాడు. పెంచిన మేనకోడలు జింజాలో నర్సుగా పనిచేస్తూ, ఆదివారాలు ఫోను చేసి మందులు వేసుకున్నావా అని అడుగుతుంది.

ఆమెది వెడల్పాటి ముఖం. తలకు కట్టుకున్న నీలిరంగు గుడ్డ అంచున నెరిసిన జుట్టు సన్నని దారంలా కనబడుతుంది. కుడికాలు వంగదు, అందువల్ల దానిని బల్లకింద ఒక అట్టపెట్టెమీద చాపి ఉంచుతుంది. ఈ మధ్య రెండు పాదాలూ వాచాయి. గుండెకు మెట్లు పనికిరావని ములాగో ఆసుపత్రి డాక్టరు చెప్పాడు, వెంటనే వచ్చి చేరమన్నాడు కూడా. లిఫ్టు చెడిపోయినందువల్ల మెట్లు తప్పలేదు. పరీక్షల కాలం కావడంవల్ల సెలవు అడగాలనిపించలేదు. పరీక్షలయ్యాక వస్తానని డాక్టరుతో అంది.

“అత్తా, లిఫ్టు బాగయ్యేలోగా నిన్ను బుట్టలో కూర్చోబెట్టి తాడేసి లాగేస్తే?” అన్నాడు లుబోవా. రెండో బల్ల అతనిది. ముప్పై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. ఆమెను మేనత్త వరస కట్టి పిలుస్తాడు.

“లాగేవాడివి నువ్వయితే నడిచే వస్తాను. సగంలో తాడు కట్టేసి టీకి పోతావ్.”

“టీ నీక్కూడా తెస్తాను కదా!”

“అప్పటిదాకా కొంగలతో మాట్లాడుతూ వేలాడనా?”

ఫోను మోగింది. నస్సోలో కళ్ళు మూసుకుంది. పలకరింపులప్పుడు ఆమె కళ్ళు మూసుకుంటుంది. క్షేమసమాచారాలు తగ్గించి నేరుగా సమస్యలోకి వెళ్ళాలని కళాశాలవారు ఒకసారి చెప్పారు. ఆమె తలూపింది, మానలేదు. రాత్రి ఎలా గడిచింది, మంచిగా గడిచింది, ఇంట్లో ఎలా ఉన్నారు, ఉన్నారు, పనికి ధన్యవాదాలు, మీ పనికీ ధన్యవాదాలు. ఆ తరువాత మాటలు అయిపోయి మూలుగులు మిగులుతాయి. ఇటు ‘ఊఁ’, అటు ‘ఊఁ’, మళ్ళీ ఇటు, మళ్ళీ అటు, ఒకదానికన్నా ఒకటి మెత్తగా, రెండు పావురాలు ఒకే చూరుకింద సర్దుకుంటున్నట్టు. ఆ చివరి ‘ఊఁ’ తరువాతనే అసలు సంగతి వస్తుంది.

ఈసారి అసలు సంగతికి ముందు ఏడుపు వచ్చింది.

“మళ్ళీ మూసేసిందమ్మా,” అంది అవతలి గొంతు. “పొద్దున్నే. నిన్నటిలాగే.”

ఆమె పేరు ప్రొస్కోవియా నకిమెరా. క్యోటెరాకు అవతల అరటితోటల మధ్య ఒక ఊళ్ళో శిశుతరగతి పంతులమ్మ. ఉపాధ్యాయ పట్టాకు రాతపరీక్షలన్నీ గట్టెక్కి, చివరి మౌఖిక పరీక్ష దగ్గర ఆగిపోయింది. ఆ పరీక్షలో ఆచార్యుడు తెరమీద కనిపించి ప్రశ్నలు అడుగుతాడు. విద్యార్థి లేచి వెళ్ళి ఎవరినైనా అడిగి రాకుండా, ఒక ప్రోగ్రాము కాపలా కాస్తుంది. ముఖం కాసేపు కనబడకపోతే అభ్యర్థి వెళ్ళిపోయినట్టు లెక్కగట్టి తలుపు మూసేస్తుంది. నకిమెరాకు రెండుసార్లు మూసేసింది. మూడోసారి మూస్తే గైరుహాజరు. మళ్ళీ పరీక్ష వచ్చే ఏడాదే. వచ్చే విడత నుంచి పట్టా ఉన్నవాళ్ళనే ఉంచుకుంటామని ఆమె బడి పెద్ద చెప్పేశాడు. ఆచార్య కిబిరిగె ఈ మధ్యాహ్నం ఇంటికి వెళ్ళేముందు ఒక్కసారి చూస్తానన్నాడు. ఆ తరువాత ఆయన చేతిలో కూడా లేదు.

“ఏడవకు తల్లీ. ఏడిస్తే నాకు నీ ఇల్లు వినపడదు,” అంది నస్సోలో. “డేటా ఉందా?”

“నిండా వేయించానమ్మా. మా ఆయన చెప్పులు కొనుక్కోడం మానేశాడు దానికోసం.”

“సిగ్నల్?”

“ఈ మూల గదిలో పూర్తిగా ఉంటుంది. అందుకే కోళ్ళని కూడా బయటికి తరిమాం.”

నస్సోలో ఒక్కొక్కటే అడిగింది. ఫోనులో తెరిచిన మిగతావన్నీ మూసిందా, దాన్ని ఒకసారి ఆపి మళ్ళీ వేసిందా, కెమెరా అద్దం తుడిచిందా, ముఖం మీద వెలుగు పడుతోందా. అన్నీ చేసింది. చివరికి సహాయగది తెరలోకి రమ్మని పిలిచింది. సహాయగదిలో కెమెరా లేదు. విద్యార్థికి కళాశాల ముద్ర మాత్రం కనబడుతుంది, కిరీటపు కొంగ బొమ్మ. నస్సోలో తెరమీద నకిమెరా వచ్చి కూర్చుంది. పాతికేళ్ళు దాటిన గుండ్రటి ముఖం, బిగించి అల్లిన జడలు, ఇస్త్రీ మడత విరగని తెల్ల జాకెట్టు. వెనక పచ్చరంగు కర్టెన్, దాని అంచున అరటాకు నీడ. పావుగంట మాట్లాడినా ఆ ముఖం చలించలేదు, మసకబారలేదు, మాయంకాలేదు.

“అంతా బాగానే ఉంది,” అంది నస్సోలో నెమ్మదిగా. బాగున్నదానిని బాగుచేయడం ఎలాగో ఆమెకు తోచలేదు. ఊపిరి అందక కుర్చీలో వెనక్కి వాలింది. కిటికీలో మంచు కరిగి, దాని అడుగునుంచి పట్నం మెల్లగా పైకి వస్తోంది. తెల్లటి టాక్సీలు ఒకదాన్నొకటి రాసుకుంటూ, ఏటిలో చేపలగుంపులా కదులుతున్నాయి.

“నేను ఆచార్యుణ్ణయి చూడనా అత్తా?” అన్నాడు లుబోవా. అనడమే కాక, నస్సోలో కళ్ళద్దాలు తీసి పెట్టుకుని, మెడ గుండీ బిగించి, తన ఫోనులోంచి ఆ తెరలోకి ప్రవేశించాడు. “శ్రీమతి నకిమెరా! పరీక్ష మొదలుపెడుతున్నాం!”

తెరమీద ముఖం మాయమైంది.

పచ్చ కర్టెన్ మిగిలింది. కర్టెన్ పక్కన గోడ. సిగ్నల్ పోయి బొమ్మ బిగుసుకుపోయిందనుకుంది నస్సోలో. కాని గాలికి కర్టెన్ ఉబ్బి, మళ్ళీ గోడకు ఆనుకుంది. అరటాకు నీడ ఊగింది. అంటే అవతల అంతా జరుగుతూనే ఉంది, మనిషే లేదు. అప్పుడు ఎక్కడో అడుగునుంచి, నేలతో మాట్లాడుతున్నట్టు, ఒక మెత్తని గొంతు వచ్చింది.

“పొద్దు ఎలా గడిచిందయ్యా? ఇంట్లో అందరూ ఎలా ఉన్నారయ్యా? ఊఁ… ఊఁ…”

లుబోవాకు నవ్వు ఆగలేదు. కళ్ళద్దాలు తీసేసి బల్లమీద పడి నవ్వాడు. “మోకరిల్లింది అత్తా! ఫోనుకి మోకరిల్లింది!”

నస్సోలో నవ్వలేదు.

ఆ ప్రాంతంలో ఆడపిల్ల పెద్దవాళ్ళను పలకరించేటప్పుడు మోకాళ్ళమీద కూర్చుంటుంది. అది నస్సోలోకు తెలియని విషయం కాదు; నడక వచ్చిన నాటినుంచీ ఆమె మోకాళ్ళకు తెలుసు. మరి పొద్దుటినుంచీ ఎందుకు తట్టలేదు? మోటారుసైకిలు టాక్సీమీదనుంచి పడి కుడిమోకాలు బిగుసుకుపోయిన తరువాత ఆమె ఎవరికీ మోకరిల్లలేదు. శరీరం మానుకున్నదానిని మనసు కూడా మెల్లగా మరిచిపోయింది. ఆ పడిన సంగతి ముబెండె వైపు ఊళ్ళో ఉన్న తండ్రికి చెప్పలేదు, ముసలాయన దిగులుపడతాడని. చెప్పనందువల్ల, చూడటానికి వెళ్ళినప్పుడు కాలు కనబడకుండా నేలదాకా జారే గోమెసి గౌను తొడుక్కుంది. కాలు కనబడనందువల్ల, గడపలో నిటారుగా నిలబడి పలకరించిన కూతురొకతే ఆయనకు కనబడింది.

‘పట్నం నిన్ను పొడుగు చేసింది తల్లీ’ అన్నాడాయన.

నవ్వుతూ అన్నాడో, నొచ్చుకుని అన్నాడో ఆమె తేల్చుకోలేకపోయింది. అడుగుదామని మళ్ళీ వెళ్ళేసరికి ఆయన లేడు.

“అమ్మా? వినపడుతోందా?” నకిమెరా ముఖం మళ్ళీ తెరలోకి లేచింది. “ఆయన వెళ్ళిపోయారా?”

“ఆయన ఆచార్యుడు కాదు తల్లీ, మా లుబోవా. ఆచార్యులవారు కనబడినప్పుడల్లా ఇలాగే మోకాళ్ళమీదికి దిగుతున్నావా?”

“దిగనా మరి?”

“ముందే ఎందుకు చెప్పలేదు?”

“మీరు అడగలేదు కదమ్మా. ఊపిరి పీల్చానని కూడా నేను చెప్పలేదు.”

“ఇందాక నాతో మాట్లాడినప్పుడు కూర్చునే ఉన్నావు కదా.”

“బొమ్మ కొంగే కదమ్మా కనబడింది! కొంగకి ఎవరు మోకరిల్లుతారు? కానీ ఫోనులో మిమ్మల్ని పలకరించినప్పుడు కిందే ఉన్నాను.”

నస్సోలో చెయ్యి హెడ్‌ఫోన్ మీద ఆగింది. కనబడని తనకు, కనబడని ఎవరో, ఎంతకాలంగానో మోకరిల్లుతూ ఉండి ఉంటారన్నది ఆమె ఎన్నడూ అనుకోలేదు.

“కూర్చునే పలకరించమను అత్తా, అయిపోతుంది,” అన్నాడు లుబోవా.

“చెప్పి చూడు.”

చెప్పి చూశారు. నకిమెరా బల్ల అంచును రెండు చేతులతో పట్టుకుని సిద్ధంగా కూర్చుంది. లుబోవా మళ్ళీ కళ్ళద్దాలు పెట్టుకుని తెరలోకి వచ్చాడు. పచ్చ కర్టెన్ గాలికి ఊగింది.

“నన్ను చూసే దిగింది! ఇంక ఆచార్యులవారి తెల్లజుట్టు చూస్తే పునాదుల్లోకి పోతుంది,” అన్నాడు లుబోవా.

“నేను కావాలని దిగట్లేదయ్యా,” అంది అడుగునుంచి ఆమె గొంతు. “కాళ్ళు వాటంతటవే మడతపడుతున్నాయి. మా నాన్నకన్నా పెద్దాయన ముందు కుర్చీలో కూర్చుని ‘బాగున్నారా’ అంటే, ఆ తర్వాత నాకు ఒక్క జవాబూ నోట్లోంచి రాదు. నన్నేం చెయ్యమంటారు?”

నైరుతి దిక్కున, క్యోటెరా వైపు, మేఘం ఒకటి నల్లబడుతోంది. అక్కడ వాన మొదలైతే సిగ్నల్ ఉండదు. నస్సోలో ఆ మేఘాన్ని చూసింది. నకిమెరాను పైకి లేపడం కుదరదు. లేపడం తనకు ఇష్టం కూడా లేదు. మరి కిందికి దించగలిగినది ఏముంది?

“వంటపాత్ర ఉందా? పెద్దది?” అని అడిగింది.

“మటోకె అరటికాయలు ఉడికించేది ఉందమ్మా.”

“దాన్ని గచ్చుమీద బోర్లించు. పక్కన ఏదైనా బరువైన సంచి పెట్టు.”

“చిక్కుడుగింజల సంచి ఉంది.”

“ఫోను పాత్రమీద నిలబెట్టి సంచికి ఆనించు. ద్వారం నీ వెనకాల ఉండకూడదు, ఎదురుగా ఉండాలి, వెలుగు నీ ముఖంమీద పడాలి. ఇప్పుడు ఆయన రాకముందే మోకరిల్లి కూర్చో.”

పాత్ర చప్పుడైంది. సంచి ఈడ్చిన చప్పుడైంది. తెర గిరగిరా తిరిగి, ఇంటికప్పును, దూలాన్ని, ఒక కోడిని చూపించి, కుదురుకుంది. దాని నట్టనడుమ నకిమెరా ముఖం నిండుగా, వాన ముందటి పసుపు వెలుగులో తడిసి, కనిపించింది.

“కనబడుతున్నానా అమ్మా?”

“కనబడుతున్నావు తల్లీ. అక్కడే ఉండు.”

పరీక్ష జరిగేటప్పుడు సహాయగదివాళ్ళు లోపలికి వెళ్ళకూడదు. పేర్ల పట్టికలో నకిమెరా పేరు పక్కన ఒక ఆకుపచ్చ చుక్క మాత్రం వాళ్ళకు కనబడుతుంది. చుక్క ఆరితే తలుపు మూసినట్టు. లుబోవా వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. ఇద్దరూ ఆ చుక్కను, పొయ్యిలో చివరి నిప్పును చూసినట్టు, చూస్తూ ఉండిపోయారు. అతడికి ఒక్క హాస్యమూ తోచలేదు. నస్సోలో ఎడమచెయ్యి బరువెక్కింది. కుర్చీ సరిగా లేదనుకుని సర్దుకుంది. మేఘం కొండలమీదుగా పాకుతూ నగరందాకా వచ్చింది. మొదటి చినుకులు రేకులమీద పడ్డాయి. కొంగలు రెక్కలు విప్పకుండా తలలు మాత్రం లోపలికి లాక్కున్నాయి. చుక్క ఒకసారి పాలిపోయి, మళ్ళీ పచ్చబడింది.

తరువాత అది నీలంగా మారింది. ఆచార్యుడు స్వయంగా ముగించాడని దానికి అర్థం.

లుబోవా ఈలవేసి, వేరే పిలుపు మోగుతుంటే తన బల్లకు వెళ్ళాడు. వెంటనే నస్సోలో ఫోనూ మోగింది.

“అయిందమ్మా! గట్టెక్కానన్నారు!” నకిమెరా నవ్వుతోందో ఏడుస్తోందో తెలియడం లేదు. “పలకరించగానే ‘లే బిడ్డా, గచ్చు చల్లగా ఉంటుంది’ అన్నారు. లేవలేదు.”

“ఎందుకు?”

“లేస్తే మళ్ళీ కనబడను కదమ్మా! ‘పరవాలేదయ్యా, ఇక్కడ బాగుంది’ అన్నాను. ఆయన కళ్ళు తుడుచుకున్నారు. చిన్నపిల్లలకి అంకెలు ఎలా నేర్పుతావని అడిగారు. పాత్ర పక్కనే సంచి ఉంది కదా, చిక్కుడుగింజలు తీసి గచ్చుమీద పరిచి చూపించాను. కుర్చీలో ఉంటే నాకది తోచేదే కాదు.”

“ఆయన నిన్ను కింద చూసి ఏమనుకున్నారో అడగకపోయావా?”

“ఎందుకమ్మా అడగడం? ముఖం చూస్తే తెలియదా?”

నస్సోలో కళ్ళు మూసుకుంది. “అవును,” అంది.

“మీ పనికి ధన్యవాదాలమ్మా.”

“నీ పనికీ ధన్యవాదాలు తల్లీ.”

“ఇంట్లో అందరినీ అడిగానని చెప్పండి.”

“చెబుతాను. ఊఁ.”

“ఊఁ.”

వాన రెండుచోట్లా పడుతోంది. చెవిలో అరటాకులమీద, కిటికీలో రేకులమీద. ఆ రెండింటి నడుమ మూలుగులు వెళుతున్నాయి, వస్తున్నాయి. చిన్నప్పుడు తండ్రి ఇంటిముందు పెద్దవాళ్ళు పలకరించుకుంటుంటే ఆమె ఎవరి ఒడిలోనో నిద్రపోయేది. మాటలు ముందు కరిగిపోయేవి, మూలుగులు చివరిదాకా ఉండేవి, అవి ఎవరివో తెలిసేది కాదు, తెలియనక్కరలేదు కూడా. ‘ఊఁ’ అంది ఆమె. అవతలినుంచి ‘ఊఁ’ వచ్చింది. ఈసారి ఆమె వంతు.

నకిమెరా ఆగింది. మళ్ళీ మూలిగింది. తరువాత ఫోను చెవినుంచి తీసి, డేటా చూసింది, ఉంది. శబ్దం పెంచింది. సిగ్నల్ చూసింది, వానలో కూడా పూర్తిగా ఉంది. మోకాళ్ళమీదనే గుమ్మందాకా జరిగి చూసింది. ఒకటీ చెడలేదు.

లుబోవా తన పిలుపు ముగించి ఇటు తిరిగాడు. అత్త తల వెనక్కి వాల్చి కునుకు తీస్తోందనుకుని, చప్పుడు చెయ్యకుండా కెటిల్ పెట్టాడు. నీళ్ళు మరిగాయి. కప్పు ఆమె చేతిదగ్గర పెట్టాడు. అప్పుడు ఆ చేతిని చూశాడు. పిలిచాడు. మణికట్టు పట్టుకున్నాడు. జారిపోయిన హెడ్‌ఫోన్‌లోంచి సన్నగా ఒక గొంతు వస్తూనే ఉంది.

“ఊఁ… అమ్మా? వినపడుతోందా? ఊఁ…”

అతడు దానిని చెవిదగ్గర పెట్టుకున్నాడు. మోకాళ్ళమీద ఉన్న మనిషిని అలా ఎంతసేపు ఉంచడం?

“ఊఁ,” అన్నాడు, వీలైనంత మెత్తగా.

“హమ్మయ్య,” అంది నకిమెరా. ఫోను పెట్టేసి లేచింది.

ఆచారం ప్రకారం చెట్టు బెరడుబట్టలో చుట్టి, ముబెండె వైపు ఊళ్ళో, తండ్రి పక్కన ఆమెను పూడ్చిపెట్టారు. లుబోవా వెళ్ళి వచ్చాడు. మేనకోడలు అతణ్ణి అత్త చివరికి ఏమందని అడిగితే, పలకరింపుల్లో ఉందని చెప్పాడు.

తరువాతి వారం, క్యోటెరానుంచి వచ్చిన టాక్సీ డ్రైవరు అరటినారతో కట్టిన మటోకె గెలను భుజాన వేసుకుని, మెట్లన్నింటినీ తిట్టుకుంటూ, గదిలోకి వచ్చాడు.

“ఇక్కడ ఫోనులో మాట్లాడే పెద్దమ్మ ఎవరు?” అన్నాడు. “ఆవిడకే ఇవ్వాలట. ఇంకెవరైనా తింటే కడుపునొప్పి వస్తుందని చెప్పమంది ఆ పంతులమ్మ.”

లుబోవా గెలను అందుకున్నాడు. ఇంటికి తీసుకువెళ్ళలేకపోయాడు, ఎవరికైనా ఇచ్చెయ్యడానికీ చెయ్యి రాలేదు. తన బల్లమీద ఫోను మోగుతుంటే, గెలను ఆమె కుర్చీ పక్కన గోడకు ఆనించి వెళ్ళాడు.

పచ్చిగా ఉండగానే వండుకోవలసిన ఆ గెల అక్కడే ఉండి, కిటికీ వైపు ఉన్న కాయ మొదలుకొని, ఒక్కొక్కటిగా, మెల్లగా పసుపెక్కుతోంది.